రొమ్ము పెంపు శస్త్రచికిత్స తరువాత ఇంటి సంరక్షణ

రొమ్ముల పరిమాణాన్ని పెంచడానికి చేసే శస్త్రచికిత్సలో సిలికాన్ తొడుగు గల సంచులను రొమ్ము లోపల అమరుస్తారు. ఈ సంచిని ఇంప్లాంట్ అంటారు. శస్త్రచికిత్స సాధారణంగా ఒకటి, రెండు గంటలలో పూర్తవుతుంది. చాలామంది అదే రోజు గానీ, మరునాడు గానీ ఇంటికి చేరుకుంటారు. అందువలన కోలుకునే కాలంలో అధిక భాగం ఇంటి వద్దనే గడుస్తుంది. ఈ కాలంలో సహజంగా కనిపించే మార్పులు ఏవి, వైద్యుని వెంటనే సంప్రదించవలసిన లక్షణాలు ఏవి అనే తేడా రోగికి, ఇంటిలోని వారికి తెలిసి ఉండాలి. ఈ వ్యాసంలో చెప్పిన గడువులు సాధారణమైనవి. శస్త్రచికిత్స చేసిన వైద్యుడు వేరుగా చెప్పినచో ఆ సూచననే పాటించాలి.

నేపథ్యం

సిలికాన్ జెల్ ఇంప్లాంట్‌ను మొదటిసారిగా 1962లో అమెరికాలోని హ్యూస్టన్ నగరంలో థామస్ క్రోనిన్, ఫ్రాంక్ గెరో అనే వైద్యులు అమర్చారు. భద్రతపై సందేహాల వలన అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 1992లో వీటి వాడకాన్ని పరిమితం చేసింది. 2006లో తిరిగి అనుమతించింది. తొడుగు లోపల సిలికాన్ జెల్ గానీ, ఉప్పునీరు గానీ ఉంటుంది.

ఇంప్లాంట్‌ను ఛాతీ కండరానికి పైన గానీ, క్రింద గానీ అమరుస్తారు. కండరం క్రింద అమర్చినపుడు మొదటి రోజులలో నొప్పి, బిగుతు ఎక్కువగా ఉంటాయి. కోత రొమ్ము క్రింది మడతలోనో, చనుమొన చుట్టూ ఉన్న నల్లని వలయం అంచునో, చంకలోనో ఉంటుంది.

కోలుకునే క్రమం

మొదటి 24 గంటలు: మత్తుమందు ప్రభావం పూర్తిగా పోదు. పెద్దవారు ఒకరు తప్పక తోడుండాలి. వాహనం నడపరాదు, మద్యం తీసుకొనరాదు, ముఖ్యమైన పత్రాలపై సంతకాలు చేయరాదు.

మొదటి వారం: ఛాతీపై బరువు పెట్టినట్లు, బిగించి కట్టినట్లు అనిపిస్తుంది. రెండు రొమ్ములూ వాచి, చర్మం కమిలి ఉంటుంది. నొప్పి సాధారణంగా మొదటి మూడు, నాలుగు రోజులు ఎక్కువగా ఉండి క్రమంగా తగ్గుతుంది. ఇంటిలో నెమ్మదిగా నడవడం మొదటి రోజు నుండే అవసరం. కదలకుండా పడుకున్నచో కాళ్ళ రక్తనాళాలలో రక్తం గడ్డకట్టే ప్రమాదం పెరుగుతుంది.

రెండవ, మూడవ వారాలు: కూర్చుని చేసే పనులకు చాలామంది ఒకటి, రెండు వారాలలో వెళ్ళగలుగుతారు. చనుమొనల వద్ద తిమ్మిరి గానీ, అతి సున్నితత్వం గానీ ఉండవచ్చు. ఇది చాలామందిలో నెలల మీద సర్దుకుంటుంది, కొందరిలో శాశ్వతంగా మిగులుతుంది.

ఆరు వారాల తరువాత: పరుగు, ఈత, బరువులతో వ్యాయామం వంటివి వైద్యుని అనుమతితో మొదలుపెట్టవచ్చు.

మొదట్లో రొమ్ములు ఎత్తుగా, గట్టిగా ఉంటాయి. ఒకటి ముందు, మరొకటి తరువాత దిగడం సహజమే. తుది ఆకృతి రావడానికి మూడు నుండి ఆరు నెలలు పడుతుంది. మొదటి వారాలలో అద్దంలో చూసుకొని నిరాశ చెందడం, ఏడుపు రావడం చాలామందిలో కనిపిస్తుంది. ఈ సంగతి ఇంటిలోని వారు కూడా తెలుసుకోవాలి.

రోజువారీ జాగ్రత్తలు

పడక: తల, వీపుల క్రింద దిండ్లు పెట్టి, పైభాగం ఎత్తుగా ఉండేటట్లు వెల్లకిలా పడుకోవాలి. దీనివలన వాపు తగ్గుతుంది. బోర్లా పడుకొనరాదు. లేచేటపుడు చేతులపై బలం మోపకుండా మరొకరి సాయం తీసుకోవాలి.

దుస్తులు: వైద్యుడు ఇచ్చిన బిగుతు బ్రాను చెప్పినన్ని వారాలు ధరించాలి. అడుగున తీగ ఉన్న బ్రాలు ఈ కాలంలో తగవు. తలపై నుండి తొడుక్కునే వాటికంటె ముందు గుండీలున్న నైటీలు, చొక్కాలు సౌకర్యం.

పనులు: నీళ్ళ బిందె, బకెట్టు, గ్యాసు బండ ఎత్తడం, బట్టలు పిండడం, చంటిపిల్లలను ఎత్తుకోవడం మానాలి. పిల్లలను ఒడిలోకి మరొకరు అందించవచ్చు.

స్నానం: కట్టు తడవకుండా ఎప్పటి వరకు చూసుకోవాలో ముందే అడిగి తెలుసుకోవాలి. గాయం పూర్తిగా మానే వరకు తొట్టి స్నానం, ఈతకొలను, నదీస్నానం కూడదు.

వేడి, మంచు: చర్మానికి స్పర్శ తగ్గి ఉన్నందున వేడినీళ్ళ సంచి వలన గానీ, మంచుగడ్డ వలన గానీ గాయమైనా తెలియకపోవచ్చు. కాబట్టి వైద్యుడు చెప్పనిదే వీటిని పెట్టరాదు.

మందులు: యాంటీబయాటిక్ వ్రాసి ఇచ్చినచో చెప్పినన్ని రోజులూ వాడాలి. ఆస్పిరిన్ రక్తస్రావాన్ని పెంచుతుంది కనుక వైద్యుని అడగనిదే వేసుకొనరాదు. గుండె జబ్బుకు అప్పటికే వాడుతున్నవారు సొంతంగా మానడమూ తగదు. జలుబు, జ్వరాల మిశ్రమ మాత్రలలోనూ పారాసిటమాల్ ఉంటుంది. అన్నీ కలిపి పెద్దలకు రోజుకు 4 గ్రాములు మించరాదు. బలమైన నొప్పి మందుల వలన మలబద్ధకం వస్తుంది. నీరు, పండ్లు, ఆకుకూరలు ఎక్కువగా తీసుకోవాలి.

ఆహారం: పప్పు తింటే గాయం చీము పడుతుందని తెలుగువారి ఇళ్ళలో ఒక నమ్మకం ఉంది. దీనికి ఆధారం లేదు. గాయం మానడానికి మాంసకృత్తులు అవసరం. పప్పు, గుడ్లు, పాలు, చేపలు మానకుండా తినవచ్చు. కోతపై పసుపు, నూనె, ఆకు పసరు పూయరాదు.

పొగ: పొగత్రాగడం వలన చర్మానికి రక్తప్రసరణ తగ్గి గాయం మానడం ఆలస్యమవుతుంది.

వెంటనే వైద్యుని సంప్రదించవలసిన లక్షణాలు

రెండు వైపులా సమానంగా ఉండి రోజురోజుకు తగ్గే వాపు సాధారణం. ఒక ప్రక్కనే హఠాత్తుగా పెరిగేది ప్రమాద సూచన.

* ఒక రొమ్ము రెండవదాని కంటె వేగంగా ఉబ్బి, బిగిసి, తీవ్రంగా నొప్పి పెట్టడం. ఇది లోపల రక్తం చేరడం వలన కావచ్చు. మొదటి ఒకటి, రెండు రోజులలో ఎక్కువగా కనిపిస్తుంది. తిరిగి శస్త్రచికిత్స అవసరం కావచ్చు.
* 100.4 డిగ్రీల ఫారన్‌హీట్ లేదా అంతకు మించిన జ్వరం, చలి.
* ఎర్రదనం, వేడి వ్యాపించడం, కోత నుండి చీము, దుర్వాసన.
* కుట్లు విడిపోవడం, ఇంప్లాంట్ పైకి కనిపించడం.
* ఒక పిక్కలో నొప్పి, వాపు.
* హఠాత్తుగా ఆయాసం, ఛాతీలో పొడిచినట్లు నొప్పి, దగ్గుతో రక్తం. ఇది ఊపిరితిత్తులకు రక్తపు గడ్డ చేరడం వలన కావచ్చు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో 108 అంబులెన్సును వెంటనే పిలవాలి.

గోప్యత

ఈ శస్త్రచికిత్సను బంధువులకు, ఇరుగుపొరుగుకు తెలియనీయకుండా ఉంచుకొనేవారు ఉన్నారు. అది వారి ఇష్టం. అయితే తోడుండే ఒక్కరికైనా శస్త్రచికిత్స జరిగిన తేదీ, ఆసుపత్రి ఫోను నంబరు, వాడుతున్న మందులు తెలిసి ఉండాలి. జ్వరమో, ఆయాసమో వచ్చి వేరే వైద్యుని వద్దకు వెళ్ళినపుడు ఈ విషయం దాచినచో అసలు కారణం తెలియక చికిత్స ఆలస్యమవుతుంది. ఇంటి పనుల నుండి విశ్రాంతి దొరకాలన్నా ఒకరికి చెప్పక తప్పదు.

దీర్ఘకాల పరిశీలన

ఇంప్లాంట్లు జీవితాంతం ఉండేవి కావు. చిరిగిపోవడం వలన గానీ, చుట్టూ ఏర్పడే పొర బిగుసుకొని రొమ్ము గట్టిపడడం వలన గానీ తీసివేయవలసి రావచ్చు. సిలికాన్ జెల్ ఇంప్లాంట్లకు 5 నుండి 6 సంవత్సరాలకు ఒకసారి, ఆపై ప్రతి 2, 3 సంవత్సరాలకు అల్ట్రాసౌండ్ గానీ, ఎంఆర్ఐ గానీ చేయించుకోవాలని అమెరికా నియంత్రణ సంస్థ సూచిస్తున్నది. మామోగ్రామ్ పరీక్షకు వెళ్ళినపుడు ఇంప్లాంట్ ఉన్నదని ముందుగా చెప్పాలి.

గరుకు ఉపరితలం గల ఇంప్లాంట్ల చుట్టూ అరుదుగా ఒక రకం లింఫోమా క్యాన్సర్ వస్తుందని గుర్తించారు. ఈ కారణంగా 2019 జూలైలో అలర్గాన్ సంస్థ బయోసెల్ రకాన్ని ప్రపంచవ్యాప్తంగా వెనక్కి తీసుకున్నది. కొన్ని సంవత్సరాల తరువాత ఒక రొమ్ము కొత్తగా వాచినచో పరీక్ష చేయించుకోవాలి.

ఫ్రాన్సుకు చెందిన పీఐపీ సంస్థ వైద్యానికి అనుమతి లేని పారిశ్రామిక సిలికాన్‌ను వాడినట్లు 2010లో బయటపడింది. అటువంటి సందర్భాలలో తన శరీరంలో ఉన్నది ఏ సంస్థదో, ఏ రకమో తెలియాలంటే ఆసుపత్రి ఇచ్చే ఇంప్లాంట్ కార్డు ఉండాలి. తయారీ సంస్థ పేరు, రకం, క్రమసంఖ్య అందులో ఉంటాయి. ఆసుపత్రి నుండి ఇంటికి వచ్చే రోజునే ఈ కార్డును అడిగి తీసుకొని, ఇతర వైద్య పత్రాలతో పాటు భద్రపరచుకోవాలి.