మందు చాలని రోజు, మందు పనిచేయని రోజు

1941 ఫిబ్రవరి 12న ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డ్ ఆసుపత్రిలో ఆల్బర్ట్ అలెగ్జాండర్ అనే పోలీసు కానిస్టేబుల్ చావుబతుకుల్లో ఉన్నాడు. బ్యాక్టీరియా ముఖమంతా పాకి రక్తంలో చేరింది. అప్పటికే ఒక కన్ను తీసేశారు. ఆ రోజు అతనికి పెన్సిలిన్ ఎక్కించారు.

1928లో ఫ్లెమింగ్ బూజులో పెన్సిలిన్‌ను కనిపెట్టారని మనం చదువుకున్నాం. దాన్ని మనిషికి ఇవ్వగలిగే మందుగా మార్చింది మాత్రం ఆక్స్‌ఫర్డ్‌లో ఫ్లోరీ, చెయిన్, హీట్లీ మొదలైనవాళ్ళు. అది యుద్ధకాలం. సరైన పాత్రలు దొరక్క బెడ్‌పాన్లలో కూడా బూజు పెంచి చూశారు.

మందు పడ్డాక కానిస్టేబుల్‌కు జ్వరం తగ్గింది, ఆకలి పుట్టింది. కానీ ఉన్న మందు కొంచెమే. అతని మూత్రంలోంచి పెన్సిలిన్ తీసి మళ్ళీ ఎక్కించారు. అదీ చాలలేదు. జబ్బు తిరగబెట్టి మార్చి 15న చనిపోయాడు.

నాకు ఆశ్చర్యం కలిగించింది ఇంకో సంగతి. ఈ వైద్యానికి ముందే, 1940 డిసెంబరులో, అబ్రహాం, చెయిన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు కొన్ని బ్యాక్టీరియాల్లో పెన్సిలిన్‌ను పాడుచేసే ఎంజైమ్ ఉందని ప్రకటించారు. 1945లో నోబెల్ ఉపన్యాసంలో ఫ్లెమింగ్ కూడా, మందు చాలీచాలకుండా వాడితే సూక్ష్మజీవులు దాన్ని తట్టుకోవడం నేర్చుకుంటాయని హెచ్చరించారు.

తర్వాత కొత్త మందులు వచ్చాయి. 1948లో వచ్చిన ఆరియోమైసిన్, భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో నడిపించిన పరిశోధనల్లో బయటపడిందే. పెన్సిలిన్‌కు లొంగని స్టెఫిలోకాకస్ కోసం మెథిసిలిన్ తెచ్చారు. 1961కల్లా దానికీ లొంగనిది ఇంగ్లండులో కనిపించింది.

నేడు ఐసీయూలో పేషంటుకు సిరల్లో గొట్టాలు పెడతారు. అవి ప్రాణం నిలబెడతాయి, కానీ ఒక్కోసారి వాటి వెంటే క్లెబ్సియెల్లా లాంటి బ్యాక్టీరియా రక్తంలోకి దిగుతుంది. అది కార్బపెనెమ్ అనే గట్టి మందులకూ లొంగకపోతే డాక్టర్లకు దారులు తక్కువ. కిడ్నీలకు చెడుపని ఒకప్పుడు పక్కన పెట్టిన కొలిస్టిన్‌ను మళ్ళీ బయటికి తీయాల్సి వచ్చింది.

మా హోసూరులో జలుబు చేస్తే మెడికల్ షాపుకెళ్ళి "రెండు మాత్రలివ్వన్నా" అని అడిగేవాళ్ళను చూస్తుంటాను. జలుబు వైరస్ వల్ల వస్తుంది, యాంటీబయాటిక్ దాన్నేమీ చేయదు. మన ఒంట్లోని బ్యాక్టీరియాకు మాత్రం తట్టుకోవడం నేర్పుతుంది. అట్ట మీద నిలువుగా ఎర్ర గీత ఉంటే డాక్టరు రాయనిదే కొనకూడదని అర్థం. ఇంట్లో పెద్దవాళ్ళకు ఆ గీత చూపించే పని మనం చేయగలం. ఆ కానిస్టేబుల్ మందు చాలక పోయాడు. మందు చేతిలో ఉండి కూడా మనవాళ్ళను పోగొట్టుకునే రోజు రాకూడదు.