పిల్లల చేతి పెరడు

భోగాపురం ప్రాంతంలో సముద్రం వైపు ఇసుక నేల, లోపలికి పోయిన కొలది ఎర్రనేల. ఏడాదికి సుమారు 1,100 మిల్లీమీటర్ల వాన పడినను ఈ నేలలలో తడి ఎక్కువ కాలం నిలువదు. సరుగుడు, జీడిమామిడి, కొబ్బరి ఇచ్చట తేలికగా నిలద్రొక్కుకొన్నవి. కూరమొక్కల సంగతి అట్లు కాదు. పెరటిలో ఒక ఆనపపాదు పెట్టవలెనన్నను ముందు నేలను తయారు చేసికొనవలెను.

ఇందుకు అడుగు లోతు గొయ్యి తీసి, చెరువు మట్టిని, బాగా చివికిన పశువుల ఎరువును కలిపి నింపుదురు. ఇసుక రేణువుల నడుమ సందులు పెద్దవి; పోసిన నీరు వాటిగుండా జారిపోవుచు, కరిగిన పోషక పదార్థాలను కూడ వెంట తీసికొనిపోవును. చెరువు మట్టిలోని బంక రేణువులు అతి సూక్ష్మమైనవి కనుక నీటిని పట్టి ఉంచును. చివికిన ఎరువు కూడ అట్టిదే. చేపలు కడిగిన నీటిని పాదులలో పోయుట తీరగ్రామాలలో మామూలే. అందులోని నత్రజని మొక్కకు ఆహారమగును. గొయ్యి త్రవ్వుట పెద్దల పని. మట్టి తట్టలు మోయుట, గింజలు నాటుట, చెంబుతో నీరు పోయుట పిల్లల వంతు. జూన్ మొదటి వారం దాటగానే వచ్చే మృగశిర కార్తెలో, అనగా బడులు తెరచే రోజులలోనే, ఈ పని సాగును.

పెరటి కూరలన్నీ ఒకచోటివి కావు. వంగ మన దేశపు మొక్క. ఆనప (ఇతర జిల్లాలవారి సొర) పుట్టుక ఆఫ్రికాలో అయినను, అతి ప్రాచీన కాలముననే ఈ దేశం చేరినది. మిరప, టమాటాలు మాత్రం అమెరికా ఖండానివి. 1492కు పూర్వం అవి మనకు లేవు. మిరపకాయ లేని ఆంధ్రుల వంటను ఊహించుట కష్టమే!

పిల్లల చేత తోట వేయించుట విద్యలో భాగమైనది ఇటీవలనే. జర్మనీ దేశంలో ఫ్రెడరిక్ ఫ్రోబెల్ 1840లో తన శిశువిద్యాలయానికి ‘కిండర్‌గార్టెన్’ అని పేరు పెట్టెను. పిల్లల తోట అని దాని అర్థం. పేరుకు తగినట్లు అక్కడ ప్రతి బిడ్డకు ఒక చిన్న మడి, అందరికీ కలిపి ఒక ఉమ్మడి మడి ఉండవలెనని ఆయన పద్ధతి. నేడు ఆ పేరు పెట్టుకొన్న బడులలో మడి కనబడుట అరుదు.

మన దేశంలో 1937 అక్టోబరులో గాంధీజీ అధ్యక్షతన వార్ధాలో జరిగిన విద్యా మహాసభ చేతిపనిని విద్యకు కేంద్రం చేయవలెనన్నది. పిమ్మట జాకీర్ హుస్సేన్ సంఘం సిద్ధం చేసిన ప్రణాళికలో నూలు వడకుటతోపాటు పండ్లతోట, కూరతోటల పెంపకం కూడ చేరినవి. యుద్ధకాలంలో, 1940 దశకంలో, ‘అధికాహారోత్పత్తి’ ఉద్యమం వచ్చినది. దాని దృష్టి ప్రధానంగా ధాన్యం మీదనే; ఆకలి ముంచుకొని వచ్చినప్పుడు తోటకూర గురించి ఎవరాలోచింతురు? ఆ లోటును గుర్తించినది 1960 దశకంలోని అనువర్తిత పోషకాహార పథకం. యూనిసెఫ్ మున్నగు అంతర్జాతీయ సంస్థల సాయంతో నడచిన ఆ పథకం కింద బడితోటలకు, పెరటి తోటలకు, కోళ్ల పెంపకానికి ప్రోత్సాహం లభించినది.

ఇంత పట్టుదలకు కారణం పిల్లల కళ్లు. ఆహారంలో ఏ విటమిను కొరవడిన మొదట రేచీకటి కలుగును. తీవ్రమైనచో నల్లగ్రుడ్డు మెత్తబడి చూపే పోవును. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధనల ఆధారంగా 1970లో ప్రభుత్వం చిన్నపిల్లలకు ఆరు నెలలకొకసారి 2,00,000 యూనిట్ల ఏ విటమిను ఇచ్చుట ప్రారంభించినది. ఆ మందు ఆపదకు అడ్డు. నిత్యావసరం తీరవలసినది భోజనంతోనే. మునగాకు, తోటకూర, గోంగూరలలోని కెరోటిన్ శరీరంలో ఏ విటమినుగా మారునని 1930లో థామస్ మూర్ నిరూపించెను. అయితే కెరోటిన్ కొవ్వులో కరుగు పదార్థం. ఆకుకూరలో చెంచాడు నూనె పడనిదే అందులో చాలభాగం ఒంటికి పట్టదు. కూరను ఎండలో ఎండబెట్టిన కొంత నశించును.

ఆకుకూరలతో తెలుగువాని పేరొకటి ముడిపడి ఉన్నది. 1941లో అమెరికా శాస్త్రజ్ఞులు టన్నుల కొలది పాలకూర నుండి ఒక పదార్థాన్ని వేరుచేసి, ‘ఆకు’ అనే అర్థమిచ్చే లాటిన్ మాటను బట్టి ఫోలిక్ ఆమ్లమని పేరు పెట్టిరి. దానిని కృత్రిమంగా తయారుచేసిన లెడర్లే పరిశోధక బృందానికి నాయకుడు భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన సోదరులను బలిగొన్న స్ప్రూ వ్యాధికి ఈ ఆమ్లమే మందైనది.

2019లో కేంద్ర ప్రభుత్వం బడులలో పోషకాహార తోటలకు మార్గదర్శక సూత్రాలు వెలువరించినది. అందులో పండిన కూర మధ్యాహ్న భోజనంలోకి పోవును.

భోగాపురంలో ఈ మధ్య పెరడు ప్రశ్న మరొక విధంగా ముందుకు వచ్చినది. అల్లూరి సీతారామరాజు అంతర్జాతీయ విమానాశ్రయానికి 2023 మే 3న శంకుస్థాపన జరిగినది. అందుకై సుమారు 2,200 ఎకరాలు పోగా, మరడపాలెం, ముడసర్లపేట వంటి పల్లెల కుటుంబాలు కొత్త కాలనీలకు తరలినవి. ఇల్లు కట్టుకొనుటకు పరిహారమున్నది. ముప్పది ఏండ్ల కొబ్బరిచెట్టును గాని, ఎరువు వేసి వేసి నల్లబడిన పెరటి మట్టిని గాని మూట కట్టుకొని పోలేరు. కొత్త స్థలంలో నేలను మరల మొదటి నుండి తయారు చేయవలసినదే. అట్టిచోట ముందుగా తోటకూర చల్లుట మేలు. నెల తిరుగకుండ కోతకు వచ్చును, పిల్లల ఓపికకు సరిపోవును. పాత ఊరి మునగచెట్టు నుండి నరికి తెచ్చిన బొత్తెడు లావు కొమ్మను మూరెడు లోతున పాతిపెట్టి తడిపిన, చాలమట్టుకు ఏడాదిలోపలే కాయలు కాయును; ఆకు అంతకంటె ముందే వచ్చును.