కొండ కడుపులో కలకండ

హైదరాబాదు నుంచి ముంబయికి రైల్లో వెళ్ళేటప్పుడు, లోనావలా దాటాక సొరంగాలు లెక్కపెట్టమని పిల్లల్ని కిటికీ దగ్గర కూచోబెట్టే ఉంటారు. అదే భోర్‌ఘాట్.

ఆ కనుమ తొలిచే కాంట్రాక్టు 1859లో సాలమన్ ట్రెడ్‌వెల్ అనే ఇంగ్లీషాయనకి దక్కింది. పాపం, మనదేశం వచ్చిన కొద్ది వారాలకే జబ్బుచేసి పోయాడు. ఆయన భార్య ఆలిస్ మూటాముల్లే సర్దుకుని వెళ్ళిపోలేదు. ఇద్దరు ఇంజనీర్లను పెట్టుకుని కాంట్రాక్టు తనే నడిపించింది. 1863లో రైలు నడిచింది.

అక్కడ రాయి పగలగొడుతుంటే లోపల గూళ్ళు బయటపడ్డాయి. ఆరున్నర కోట్ల ఏళ్ళనాడు లావా చల్లారేటప్పుడు చిక్కుకున్న గాలిబుడగలవి. తర్వాత వాటిలోకి నీళ్ళూరి, నీటిలో కరిగిన ఖనిజాలు గోడలకు పేరుకున్నాయి, పాకం ఆరితే గిన్నె అంచున పలుకులు కట్టినట్టు. అపోఫిల్లైటు అచ్చం కలకండే! స్టిల్‌బైటేమో లేత గులాబిరంగులో, నడుం బిగించి కట్టిన వరిపనలా ఉంటుంది. ఇంజనీర్లు వీటిని ఏరి దాచారు. కొన్ని లండన్ మ్యూజియందాకా వెళ్ళాయి.

ఇలాంటి నమూనాకు సగం విలువ దాని చీటీలోనే ఉందంటారు సేకరించేవాళ్ళు. ఎక్కడ దొరికింది, ఎవరు సేకరించారు? చీటీ పోతే అది వట్టి మెరుపురాయి. భోర్‌ఘాట్‌లో 1861లో 40,000 మందికి పైగా కూలీలుండేవారు. ఆడవాళ్ళూ తట్టలు మోశారు. కలరాకి, జ్వరాలకి వేలమంది పోయారు. సుత్తిదెబ్బకి ఆ గూడు తెరుచుకుంటే మొదట చూసింది వాళ్ళే కదా! వాళ్ళ పేర్లు చీటీకెక్కే ఆచారం మాత్రం లేదు.

నాసిక్ వైపు వెళితే సిన్నర్‌లో గార్గోటి మ్యూజియం చూడండి. అద్దాల వెనక ఇలాంటి రాళ్ళే. పిల్లలకి మాత్రం ముందే గట్టిగా చెప్పి తీసుకెళ్ళండి!