రంగు కాగితాలు, మైదా జిగురు

పెళ్లి కుదిరిందంటే మా ఇంట్లో పసుపు దంచాక రెండో పని రంగు కాగితాలు తెప్పించడం. నవ్వకు అమ్మడూ, నిజమే చెబుతున్నాను. ఇప్పుడు మీకు ఒక్క ఫోను కొడితే లారీలోంచి పూలు, లైట్లు, మండపం అన్నీ దిగిపోతాయి. రాత్రికి రాత్రి కట్టేసి తెల్లారేసరికి విప్పుకు పోతారు. మాకు అలాంటివాళ్లెవరూ ఉండేవారు కారు. తాటాకు పందిరి వేయించడం వరకే మగవాళ్ల వంతు. దాన్ని పెళ్లిపందిరిగా దిద్దడం ఆడవాళ్లది, పిల్లలది, పొద్దుపోక అరుగుల మీద కూచునే ముసలాళ్లది.

రంగు కాగితాలంటే పల్చటివి, గాలిపటాలకి వాడేవే. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, గులాబీ. మా ఊరి కొట్లో అణాకి ఒకటి ఇచ్చేవాడు. తళతళలాడే బేగడ కాగితం కావాలంటే మాత్రం పడవెక్కి రాజమండ్రి వెళ్లాల్సిందే. రాజమండ్రిలో కాగితాల మిల్లు ఉంది కదా, 1924లో కర్నాటిక్ పేపర్ మిల్స్ అని పెట్టారు, తర్వాత అదే ఆంధ్రా పేపర్ మిల్స్ అయింది. మిల్లు మన గోదావరి గట్టునే ఉన్నా మాకు కాగితం అంత తేలిగ్గా చేతికొచ్చేది కాదు. పలక మీద రాసి, ఉమ్మి తడితో చెరిపి, మళ్లీ రాసుకున్న పిల్లలం. తెల్లటి ఠావు ఒకటి ఇంటికొస్తే దాన్ని ముట్టుకోవడానికి చేతులు కడుక్కుని వచ్చేవాళ్లం.

అణా అన్నాను కదా, ఆ అణాలు పోయిన సంగతి చెప్పి ముందుకెళతాను. 1957 ఏప్రిల్‌లో నయాపైసలొచ్చాయి. రూపాయికి 16 అణాలుండేవి, 100 పైసలయ్యాయి. లెక్క సరిగ్గా తెగదు. అందుకని అణాకి 6 పైసలు అన్నారు, నాలుగణాలకి మాత్రం 25. ఇందులో మెలిక నీకు తట్టిందా? మా అన్నయ్యకి తట్టింది. నాలుగు కాగితాలు ఒకేసారి కొంటే 25 పైసలు, విడివిడిగా ఒక్కోటీ కొంటే 24. వాడు మా నలుగురు పిల్లలకీ ఆరేసి పైసలిచ్చి, ఒకళ్ల తర్వాత ఒకళ్లని కొట్టుకి తోలాడు. మూడో పిల్ల వెళ్లేసరికి కొట్టాయన కళ్లజోడు పైకి తోసి, "మీరంతా ఒక్క గడపవాళ్లే కదర్రా" అన్నాడు. అన్నాడే గాని కాగితం ఇచ్చాడు, పైన బెల్లంముక్క కూడా చేతిలో పెట్టాడు. ఇక ఆ మిగిలిన ఒక్క పైసా ఎవరిదని ఇంట్లో జరిగిన తగువు వింటే నీకు మతిపోతుంది. పెళ్లికూతురు కూడా మధ్యలో తలదూర్చింది.

సరే, జిగురు దగ్గరికి వద్దాం. సీసాల్లో గమ్ము అప్పుడూ అమ్మేవారు గాని పందిరంతటికీ అదెక్కడ చాలుతుంది? మైదా పిండి చన్నీళ్లలో ఉండలు లేకుండా కలిపి, సన్నసెగ మీద పెట్టి గరిటె ఆపకుండా తిప్పాలి. తిప్పగా తిప్పగా తెలుపు విరిగి, చిక్కబడి, నిగనిగలాడుతుంది. అప్పుడు దించి చిటికెడు మైలుతుత్తం పొడి కలపాలి. అది పడగానే జిగురుకి లేత నీలం చాయ వస్తుంది. తుత్తం ఎందుకంటే, వట్టి పిండి జిగురైతే రెండో రోజుకే బూజు పడుతుంది, చీమలు, బొద్దింకలు పోగవుతాయి. తుత్తం పడినదాని జోలికి ఏదీ రాదు. కానీ అది విషం. పిల్లలు వేలు నోట్లో పెట్టుకోక మానరని మా నాయనమ్మకి తెలుసు. అందుకని ముందుగానే తుత్తం కలపని జిగురు కొబ్బరిచిప్పలో తీసి మాకు వేరేగా ఇచ్చేది.

దాంతో ఏమైందంటే, పెద్దవాళ్లు అంటించిన తోరణాలు చెక్కుచెదరకుండా ఉండేవి, పిల్లలు అంటించినవి మేకలు తినేసేవి! కాళ్లు గోడకి తన్నిపెట్టి, మెడ సాచి, ఎర్ర జెండా, పసుపు జెండా వరసగా లాగి నమిలేవి. మేకలవాళ్లతో పోట్లాటకి వెళదామంటే నాయనమ్మ ఒప్పుకునేది కాదు. "మీరు చేసింది దానికి రుచించిందే, సంతోషించండి" అని మళ్లీ పొయ్యి రాజేసేది.

తోరణం చేసేటప్పుడు చూడాలి. అరుగు స్తంభం నుంచి వేపచెట్టుకి పురికోస బిగించి కట్టేవారు. కాగితం మడత మీద మడత పెట్టి కత్తెరేస్తే ఒక్కసారే బోలెడు మూడుకోణాల జెండాలు రాలేవి. పై అంచు వేలెడు మడిచి, జిగురు రాసి, పురికోస మీద వేసి రెండు వేళ్లతో నొక్కుకుంటూ పోవాలి. ఒకళ్లు కత్తిరించడం, ఒకళ్లు జిగురు రాయడం, ఒకళ్లు నొక్కడం. మా పెద్దమ్మకీ పిన్నికీ ఏదో చీర దగ్గర మాటల్లేవు. పక్కపక్కన కూచోబెట్టింది నాయనమ్మ. జిగురు ఆరిపోతుంటే "ఎరుపు అందుకో" అనకుండా ఎంతసేపు ఉంటారు? సాయంత్రానికి పిన్ని తలలో పేలు కూడా చూసింది పెద్దమ్మ.

ఎర్ర కాగితం అంటే మా ఆడపిల్లలకి ఇంకో వాడకం ఉండేది, మీ తాతలకి తెలియదు. చిన్న ముక్క తడిపి పెదాలకి అద్దుకుంటే ఎర్రగా పండేవి. బుగ్గలకి కూడా కాస్త. ఈ కాలం పిల్లలు లిప్‌స్టిక్కుకి ఎంత పోస్తున్నారో విన్నప్పుడల్లా ఆ కాగితం ముక్కే గుర్తొస్తుంది.

అయితే ఆ రంగు పెదాలకి అంటినట్టే దేనికైనా అంటుతుంది. మా పెద్దక్క పెళ్లిలో సరిగ్గా మగపెళ్లివారు దిగేవేళకి చినుకులు మొదలయ్యాయి. తోరణాల కింద తెల్లటి గ్లాస్కో పంచె, లాల్చీ వేసుకుని ఒక పెద్దమనిషి నిలబడ్డాడు. ఎరుపు, నీలం, ఆకుపచ్చ బొట్లు బొట్లుగా ఆయన భుజాల మీద రాలాయి. ఆయన అలిగాడు. మగపెళ్లివారి అలకంటే మాటలా! మా నాన్న అప్పటికప్పుడు కొత్త పంచెల చాపు తెచ్చి బొట్టు పెట్టి ఇచ్చాడు. అక్కడితో పోలేదు. ఆ తర్వాత మా చుట్టాల్లో ఏ పెళ్లిలో వాన పడినా ఇద్దరు ముగ్గురు పెద్దమనుషులు అరుగెక్కకుండా తోరణాల కిందే నిలబడి ఉండేవారు.

మా దర్జీ సాయిబుగారి కత్తెర గురించి చెప్పకపోతే ఈ ముచ్చటే లేదు. ఊరంతా ఆయన్ని మావయ్యా అనే పిలిచేది. పీర్ల పండక్కి కాగితం పని ఆయనదే, శ్రీరామనవమి పందిరికి కూడా ఆయనే రావాలి. క్రిస్మస్ ముందు పేటలో వెదురు బద్దలతో నక్షత్రాలు కట్టేవారు, ఆ నక్షత్రాలకి కాగితం తొడిగేవేళకి ఈయన్నే పిలిచేవారు. పెన్సిలు గీత ఒక్కటి గీసేవాడు కాదు. కాగితం నిలువుగా మడిచి, ఎడమచేత్తో పట్టుకుని, కత్తెర కదలకుండా ఉంచి కాగితాన్నే తిప్పేవాడు. అది గమనించాల్సిన విషయం. మనమంతా కత్తెర తిప్పుతాం, ఆయన కాగితం తిప్పేవాడు. విప్పేసరికి నడుమ కలశం, అటొక చిలక, ఇటొక చిలక. ముక్కులో ధాన్యపు కంకి కూడా. డబ్బిస్తానంటే చేయి వెనక్కి పెట్టుకునేవాడు. మూడోనాడు నాయనమ్మ సున్నుండల డబ్బా మాతో పంపేది, అది మాత్రం పుచ్చుకునేవాడు.

ఇప్పుడు అసలు సంగతికొస్తున్నాను, నిద్రపోకు. కానుకల మాట.

అప్పట్లో చదివింపులంటే పీటల ముందు ఒకాయన పద్దు పుస్తకం పట్టుకుని కూచుని, "ఫలానావారు పెళ్లికొడుక్కి రెండు రూపాయలు" అని అందరికీ వినబడేలా గట్టిగా చదివేవాడు. రూపాయి చదివించినవాళ్లూ ఉన్నారు. పిండి కొద్దీ రొట్టె, ఎవరూ చిన్నబుచ్చుకునేది లేదు. పేరు చెక్కించిన మరచెంబు ఇచ్చారంటే ఊళ్లో చెప్పుకునేవారు. అయితే డబ్బు పెట్టలేనివాళ్లు కూడా చేతులూపుకుంటూ వచ్చేవారు కాదు. పెళ్లికూతురు పీటల మీదకి పట్టుకొచ్చే కొబ్బరిబోండాం ఉంటుంది చూశావూ, దానికి పసుపు పూసి, చెమ్కీలు, బేగడ ముక్కలు అంటించి, ముత్యాల పూసలు చుట్టి, అమ్మాయి స్నేహితురాళ్లు తెచ్చేవారు. బాసికాలు కూడా ఇళ్లలోనే, అట్టముక్కకి బేగడ అంటించి చేసినవే. "డబ్బిస్తే కొట్టువాడు ఏదైనా ఇస్తాడు, నీ చెయ్యి మాత్రం నువ్వే ఇవ్వాలి" అనేది మా మేనత్త. ఆవిడ మాట నాకు ఇప్పటికీ సబబే అనిపిస్తుంది. ఇచ్చినదాంట్లో ఇచ్చినవాళ్లు కనబడాలి.

పెళ్లికొడుకు స్నేహితుల కానుక ఏమిటో చెప్పుకో చూద్దాం. పద్యాలు! అవును. ఆ బృందంలో పద్యం అల్లగలిగినవాడు ఒకడైనా ఉండేవాడు. అయిదు పద్యాలు కట్టి, పంచరత్నాలని పేరు పెట్టి, వధూవరుల పేర్లు వాటిలో ఇమిడ్చి, టౌనులో ప్రెస్సుకిచ్చి గులాబీ రంగు కాగితం మీద అచ్చు వేయించేవారు. చుట్టూ లతల బార్డరు, మీద వినాయకుడి బొమ్మ, కింద "ఇట్లు మిత్రబృందం". అందరికీ పంచే కాపీలు మామూలువి. పెళ్లికొడుక్కిచ్చేది వేరు. దాని అంచు వెంట బేగడ తీగలు అంటించి, మూలల్లో నెమలీక కన్ను కత్తిరించి పెట్టి, అక్షరాల మీద సన్నగా జిగురు గీసి చెమ్కీ పొడి చల్లి, దులిపి, అద్దం కట్టించి ఇచ్చేవారు. ఆ పటం ఆ ఇంటి వసారాలో పెళ్లి ఫొటో పక్కనే మేకుకి వేలాడేది. కొందరిళ్లలో ఫొటో లేదు, పటం మాత్రం ఉండేది.

ఇచ్చి ఊరుకోరుగా, చదవాలి. తలంబ్రాలు అయ్యీ అవగానే కవిగారు పెట్రోమాక్స్ లైటు దగ్గరికి జరిగి రాగం అందుకునేవాడు. మా చిన్నాన్న పెళ్లికి ఇద్దరు కవులొచ్చారు. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవంటారు, ఒక పందిట్లో ఇద్దరు కవులు అంతకన్నా ఇమడరు. ముందెవరు చదవాలని మొదలై, నీ పద్యంలో యతి తప్పిందంటే నీ ప్రాసే పోయిందని లేచారు. అర్ధరాత్రి దాటిన ముహూర్తం. ఆడవాళ్లు గోడలకి జేరబడి కునుకుతున్నారు. పురోహితుడు చూసి చూసి, "నాయనలారా, ఇద్దరూ కలిపి ఒకేసారి చదివేయండి, దంపతులిద్దరు గదా, చెరొకరికి చెరొకటి" అన్నాడు. చదివారు కూడా! ఇద్దరి రాగాలూ ఒకదాని మీద ఒకటి. ఒక్క ముక్క అర్థం కాలేదు గాని పందిరంతా చప్పట్లు. రెండు పటాలూ మా పిన్ని పక్కపక్కనే తగిలించింది, ఒక అంగుళం ఎక్కువ తక్కువ లేకుండా.

మా పిల్లల కాలానికి గ్రీటింగులొచ్చాయి. సంక్రాంతికీ, జనవరి ఒకటికీ డ్రాయింగు అట్ట ముక్కలు మడిచి, లోపల పూలకుండీ కత్తిరించి నిలబెట్టి, వాటర్ కలర్లు వేసేవారు. కవరు నాలుక అంటించకుండా లోపలికి దోపి, పైన "బుక్ పోస్ట్" అని రాస్తే తక్కువ బిళ్లతో పోయేది. రష్యావాళ్ల పుస్తకం "సోవియట్ భూమి" వచ్చేది కొందరిళ్లకి. నున్నటి మందపాటి కాగితం. చదివినవాళ్లు చదివారు, మిగతా ఊరంతా బళ్లో పుస్తకాలకి అట్టలు వేసుకున్నారు. ఆ అట్టలేసిన పుస్తకం ఏడాదంతా నలగదు.

అన్నిటికన్నా నాకు మక్కువ కాగితపు గుజ్జు తట్టలు. మా మేనత్త చేయి వీటికి పెట్టింది పేరు. పాత దినపత్రికలు చిన్న ముక్కలుగా చింపి గోలెంలో నానబోసేది. రోజూ నీళ్లు వంపి కొత్తవి పోయాలి, అచ్చు నలుపు అలా దిగుతుంది. బాగా నానాక నీళ్లు పిండి, నానబెట్టి రుబ్బిన మెంతిపిండి కలిపి రోట్లో దంచాలి. మెంతుల బంక కాగితాన్ని పట్టి ఉంచుతుంది, ఆ చేదుకి పురుగు రాదు. ఇత్తడి బేసిను బోర్లించి, తడిగుడ్డ పరిచి, దాని మీద గుజ్జు అరచేత్తో తడుతూ ఒకే మందం వచ్చేలా సర్దాలి. మందం తేడా ఉంటే ఎండేటప్పుడు పగులు తీస్తుంది. ముందు నీడన, తర్వాత ఎండన. ఆరి ఊడొచ్చాక లోపలా బయటా తెల్ల కాగితం అంటించి, రంగు వేసి, చిరిగిన పట్టుచీర జరీ అంచు తీసి చుట్టూ కుట్టేది. ఆడపిల్ల సారెలో పసుపుకొమ్ములు, గాజులు, రవికెలగుడ్డలు వాటిలోనే సర్ది పంపేవారు. మా అత్త ఇలాంటిదే తన కూతురి అత్తగారికి పంపితే, ఆవిడ "చిత్తు కాగితాలు పంపారా" అని మూతి విరిచిందట. పక్కింటావిడ చూసి నాకొకటి చేయించి పెట్టండమ్మా అని వెంటపడేసరికి, పొరుగింటి నోటితో విన్నాక రుచి తెలిసి, దేవుడి గూట్లో పెట్టుకుంది.

మీ అక్క పెళ్లికి నువ్వు ఒకటి చేస్తానన్నావు కాబట్టి చెబుతున్నాను, ఎండలు ముదరగానే మొదలుపెడదాం, వానల్లో ముట్టుకుంటే బూజు పడుతుంది. పాత పేపర్లు అమ్మేయొద్దని మీ అమ్మతో చెప్పు. నున్నటి కాగితం పత్రికలు వద్దు, అవి తొందరగా నానవు. మెంతులు పావుకిలో చాలు. దంచడానికి రోలు లేకపోతే మిక్సీలో వేసుకో, నేనేమీ అనను, కాకపోతే నీళ్లు బాగా పోసి కొంచెం కొంచెంగా వెయ్యి, లేకపోతే మోటారు కాలుతుంది.