తాతకంటే ముందు పుట్టిన మనవడు

ప్రారంభాలకు స్వర్ణోత్సవాలు చేయడం మనకు అలవాటు. ఈ జూలై 31న యాభై ఏళ్లు నిండుతున్నది మాత్రం ఒక ముగింపుకి. 1976లో ఆ తేదీతో మన రాష్ట్రంలో నాలుగు వందల దాకా పల్లెల్లో టీవీలు మూగబోయాయి. పెట్టెలు చెడిపోలేదు, కరెంటూ పోలేదు. పైనున్న ఉపగ్రహాన్ని అరువిచ్చినవాళ్లు గడువు తీరిందని వెనక్కి తీసుకున్నారు. ‘గురువారంలోగా రాసివ్వండి’ అన్నారు ఎడిటర్ గారు. ఇది గుర్తున్నవాళ్లు ఇంకా ఎవరున్నారండీ అంటే ఆయన అప్పటికే ఫోన్ పెట్టేశారు.

చరిత్ర అన్నాక మొదటినుంచీ చెప్పాలి గనుక చెబుతాను. వెయ్యేళ్లపాటు ఊళ్లోకి కబురు తెచ్చినవి రెండే: నడిచే కాళ్లు, మోగే డప్పు. రాజులు మారారు, రాళ్ల మీద శాసనాలు చెక్కించారు, డప్పు మారలేదు. తంతి వచ్చింది గానీ దాన్ని చూస్తే జనం ముందు ఏడ్చి తరవాత చదివించుకునేవారు. నిజాం ఇలాకాలో దక్కన్ రేడియో, 1938లో మద్రాసు రేడియో, 1948 డిసెంబరు 1న బెజవాడ రేడియో మోగాయి. బొమ్మ సంగతికొస్తే, 1959 సెప్టెంబరు 15న ఢిల్లీలో మొదలై, బొంబాయి చేరడానికే పదమూడేళ్లు తీసుకుంది. ఇక్కడితో వెయ్యేళ్లు అయిపోయాయి. ఇక నాకు ఇష్టమైన ఒక్క ఏడాది దగ్గర ఆగుతాను.

1969 సెప్టెంబరులో మన అణుశక్తి శాఖ, అమెరికా నాసా ఒక ఒప్పందం రాసుకున్నాయి. ఉపగ్రహం వాళ్లది, ఏడాది వాడుకోవచ్చు. నేల మీది సరంజామా, కార్యక్రమాలు మనవి. దీనివెనక ఉన్నది విక్రమ్ సారాభాయ్. పట్నం నుంచి పల్లెకు మెల్లగా పాకే టీవీ మనకొద్దు, నేరుగా ఆకాశం నుంచి పల్లెలో దిగాలన్నది ఆయన పట్టు. అది చూడకుండానే 1971 చివర్లో ఆయన పోయారు. అహ్మదాబాద్‌లో యశ్‌పాల్, చిట్నిస్ వంటివారు పని అందుకున్నారు. ఏటీఎస్-6 అనే ఆ ఉపగ్రహాన్ని 1974 మే 30న ప్రయోగించి, ఏడాది అమెరికాకు వాడుకుని, తూర్పు ఆఫ్రికా నెత్తి మీదికి జరిపారు. 1975 ఆగస్టు 1న ఆరు రాష్ట్రాల్లో 2,400 పల్లెలకు ప్రసారం మొదలైంది. దాని పేరు సైట్.

తేదీలు ఒకసారి పక్కపక్కన పెట్టి చూడండి. కలకత్తాలో టీవీ వచ్చింది ఆ ఆగస్టు 9న. మద్రాసులో ఆగస్టు 15న. హైదరాబాద్‌లో మరో రెండేళ్లకు, 1977 అక్టోబరు 23న. అంటే మద్రాసు మహానగరం కంటే రెండు వారాలు ముందే, ఎర్రబస్సు సరిగా రాని తెలుగు పల్లెలో జనం చాపలేసుకుని టీవీ చూశారు. అదీ ఉపగ్రహం నుంచి నేరుగా.

మా మేనమామ అప్పుడు హైదరాబాద్‌కు బస్సులో మూడు గంటల దూరంలో ఒక పల్లె బడిలో కొత్తగా చేరిన పంతులు. పెట్టె తాళంచెవి ఆయన మొలతాడుకి. బడి పక్కన పదడుగుల వెడల్పు గొడుగు, పడమటి దిక్కుకేసి మొహం పెట్టి. దాన్ని చేసిందేమిటంటే కోళ్ల గూటికి కొట్టే ఇనుప జాలీ. ‘ఇంత పెద్ద ప్రయోగానికి కోళ్ల జాలీయా’ అని ఊళ్లో నవ్వారట. నవ్వు వచ్చినా లెక్క గట్టిది. సంకేతం వచ్చేది 860 మెగాహెర్ట్జ్‌లో. ఆ అల పొడవు జానెడుంబావు పైమాటే. జాలీ కన్నం దాని ముందు సూది బెజ్జం. అలకి అది జాలీ కాదు, గోడ. గాలికి మాత్రం జాలీయే, విసురుగా వీచినా దాటిపోతుంది. చవకా, తేలికా. పైన ఉపగ్రహానికేమో ముప్పై అడుగుల గొడుగు. మూత విప్పినట్టు అంతరిక్షంలో విచ్చుకుంది.

పెట్టెలు చేసింది మన హైదరాబాద్ ఈసీఐఎల్. కార్యక్రమాలు తీసే మూడు కేంద్రాల్లో ఒకటి హైదరాబాద్. ఇక్కడ తీసిన తెలుగు కార్యక్రమం ముందు ఉత్తరాదిన భూకేంద్రానికి చేరాలి, అక్కడి నుంచి ముప్పై ఆరు వేల కిలోమీటర్లు పైకెగిరి, మళ్లీ అంతా కిందికి దిగి, మా మామ బళ్లో కనబడాలి. తీసినవాళ్లు ఇంటికెళ్లి చూసుకుందామంటే హైదరాబాద్‌లో టీవీయే లేదు! నగరం వండింది, పల్లె తిన్నది. అలా జరిగిన సందర్భం నాకు మరొకటి తోచదు.

అన్ని భాషలకూ కలిపి ఉదయం గంటన్నర బడిపిల్లలకి, సాయంత్రం రెండున్నర గంటలు ఊరికి. సాగు, పశువులు, ఆరోగ్యం, కుటుంబ నియంత్రణ, మధ్యమధ్య ఆటాపాటా, చివర ఢిల్లీ కార్యక్రమం హిందీలో. హిందీ మొదలవగానే సగం చాపలు చుట్టేసేవారట. ‘ఉపగ్రహం ఆగదు కదరా’ అంటాడు మామ ఇప్పటికీ. పెళ్లి బువ్వ బంతిలోంచి చెయ్యి కడుక్కుని లేచి పరుగెత్తిన రోజుంది. తాళం తియ్యాలి, మీట నొక్కాలి, పెట్టె వేడెక్కి వెలుతురు పుట్టేదాకా ఆగాలి. నల్లటి తెర మధ్యలో ముందు ఒక చుక్క. ముందు వరసలో పిల్లలు ఆ చుక్కకే చప్పట్లు. ఆవుకి పాలు పితికే బొమ్మ వచ్చినప్పుడు ఒక ముసలావిడ లేచి, ‘అట్లా కాదయ్యా, దూడను ముందు వదలాలి’ అని తెరలో మనిషికి చెప్పిందట. ఈ కథకి మామ ఏటా కొంచెం కొంచెం కొమ్మలు పెంచుతాడు. నేను నరకను.

ఇంకో ముచ్చట. ఇలాంటి ఉపగ్రహాల ఊహను 1945లోనే కాగితం మీద పెట్టిన ఆర్థర్ క్లార్క్ అప్పటికి కొలంబోలో ఉంటున్నాడు. మన ఇస్రో ఇంజనీర్లు వెళ్లి ఆయన ఇంటి మీద ఒక గొడుగు బిగించి వచ్చారు. శ్రీలంకలో అప్పటికి టీవీయే లేదు. ఊహించినవాడికి ఊహ ఫలితాన్ని ఇంటికి తెచ్చి చూపించిన మర్యాద అది.

ఏడాది గడిచింది, ఉపగ్రహం వెళ్లిపోయింది. హైదరాబాద్ ట్రాన్స్‌మిటర్ వచ్చాక దాని పరిధిలోకొచ్చిన సైట్ పల్లెల్లో గొడుగు దించి యాంటెన్నా ఎత్తారు. మిగతావి చీకట్లోనే. లోకంలో ముందు యాంటెన్నా, తరవాత డిష్షు. మనకు మనవడు ముందు పుట్టి, తాత తరవాత పుట్టాడు.

ఆ తాత మనందరికీ తెలిసినవాడే. 1926లో ఉదా, యాగీ అనే ఇద్దరు జపాన్ పండితులు రూపం దిద్దిన అల్యూమినియం చేపముల్లు. 1982లో రంగులు, 1983లో ఇన్‌శాట్-1బి, ఆపైన ఊరూరా చిన్న ట్రాన్స్‌మిటర్లు. మేడ మీద ఒకడు, మెట్ల మీద ఒకడు, టీవీ ముందు ఒకడు. ‘వచ్చిందా?’ ‘వచ్చింది... వదిలెయ్... పోయింది!’ గొట్టం పట్టుకున్నంతసేపూ బొమ్మ వస్తుంది, వదిలితే చుక్కలు. తడ, సూళ్లూరుపేట వైపు పొడుగు గొట్టాలు కట్టి మద్రాసు పట్టేవారు. శుక్రవారం చిత్రలహరి వేళకి మా యాంటెన్నా మీద ఒక కాకి వాలేది. దాని మీద నాకు ఇప్పటికీ కోపమే.

ఇక్కడి నుంచి కథ దారి తప్పుతుంది. 1991 గల్ఫ్ యుద్ధంతో కేబుల్, 1995లో ఈటీవీ, జెమిని, 2004లో దూరదర్శన్ ఉచిత డిష్షు. హెచ్‌డీ కళ 2010 కామన్వెల్త్ క్రీడలతో మన దూరదర్శన్‌కీ వచ్చింది. 2014 తరవాత దూరదర్శన్ తెలుగు చానళ్లలో సప్తగిరి విజయవాడది, యాదగిరి హైదరాబాద్‌ది అయ్యాయి. ఇప్పటి డిష్షు రెండడుగులే, చూసేది ఆగ్నేయానికి. పన్నెండు గిగాహెర్ట్జ్ అల పొడవు అంగుళమే గనుక దానికి కోళ్ల జాలీ పనికిరాదు, నున్నటి రేకు కావాలి. వానకీ అలుగుతుంది. 2022 నాటికి దూరదర్శన్ పాత ట్రాన్స్‌మిటర్లను, సరిహద్దు వంటి కొన్ని చోట్ల తప్ప, మూసేసింది. తెలుగు హెచ్‌డీ కావాలంటే మన ఇళ్లలో దాదాపుగా నెల చందా కట్టాల్సిందే. ఉచిత డిష్షులో ఎక్కువ చానళ్లది మామూలు బొమ్మే.

అమెరికాలో మాత్రం తాత పోలేదు. అక్కడ 1999లో చట్టం మార్చేదాకా ఉపగ్రహ కంపెనీలు స్థానిక చానళ్లను ఏ ఊరివి ఆ ఊరికి ఇవ్వలేకపోయాయి, అందుకని యాంటెన్నా నిలిచింది. 2009 జూన్ 12న పెద్ద స్టేషన్లన్నీ డిజిటల్ అయ్యాక, కిటికీకి అతికించే పలుచటి యాంటెన్నాతోనే స్థానిక చానళ్లు హెచ్‌డీలో ఉచితంగా వస్తున్నాయి. డాలస్‌లో ఉన్న మామ కొడుకు పోయినేడు ఒకటి కొన్నాడు. ‘బావా, నాన్నని చూడు’ అని వీడియో కాల్ చేశాడు. డెబ్భై అయిదేళ్ల మామ కుర్చీ ఎక్కి కిటికీ దగ్గర దాన్ని అటూ ఇటూ జరుపుతూ, ‘వచ్చిందా?’ అంటున్నాడు. వచ్చింది. చుక్కల్లేవు, గీతల్లేవు, వస్తే అద్దంలా వస్తుంది, లేకపోతే గళ్లుగళ్లుగా బిగుసుకుపోతుంది. కిందికి దిగి ఆయన అడిగిన మొదటి ప్రశ్న, ‘నెలకెంత?’

ఏటీఎస్-6 1979లో పని చాలించింది. మన పల్లెల్లోని ఆ జాలీ గొడుగులు ఏమయ్యాయంటే, మామ ఊళ్లోది మటుకు బీరపాదుకి పందిరైంది. మీ ఊరి పంచాయతీ గదిలోనో, బడి అటక మీదో ఆ కాలపు టీవీ పెట్టె, కాపలా పంతులు రాసుకున్న చిట్టా, గొడుగు ముందు దిగిన ఫొటో ఏదైనా మిగిలి ఉంటే జూలై 31లోగా ఈ అనుబంధానికి రాయండి. వెనక ఊరి పేరు, ఫొటోలో ఉన్నవాళ్ల పేర్లు పెన్సిల్‌తో రాయడం మరిచిపోవద్దు.