కైజరు మీద కోపం

అత్త మీద కోపం దుత్త మీద తీర్చుకోవడం మన ఇళ్ళల్లోనే కాదు, దేశాలకీ అలవాటే. మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా వారికి జర్మనీ చక్రవర్తి కైజరు మీద పట్టరాని కోపం వచ్చింది. కైజరేమో సముద్రానికి అవతల ఉన్నాడాయె. చేతికందింది హైస్కూలు కుర్రవాడి సంచీలోని జర్మన్ వ్యాకరణం. ఇంకేం, దాని పని పట్టారు!

అంతకు ముందు ఆ భాష అక్కడ అనుభవించిన వైభోగం ఇంతా అంతా కాదు. 1915లో అమెరికా ప్రభుత్వ హైస్కూళ్ళలో నూటికి 24 మంది జర్మన్ చదివేవారు. ఫ్రెంచి చదివేవారు 9 మంది. స్పానిష్ వాళ్ళు గట్టిగా లెక్కపెడితే ముగ్గురు లేరు. జర్మనీ నించి వలస వచ్చినవారు ఊళ్ళకు ఊళ్ళే ఉండేవారు. సిన్సినాటి పట్నంలో 1840 నాటి నించే జర్మన్, ఇంగ్లీషు రెండూ కలిపి చెప్పే బళ్ళుండేవి. సైన్సుకైనా, సంగీతానికైనా, పెద్ద చదువుకైనా జర్మన్ వచ్చి ఉండాలనేవారు పెద్దలు.

1917 ఏప్రిల్‌లో అమెరికా యుద్ధంలో దిగింది. దాంతో అంతా తలకిందులైంది. సౌర్‌క్రౌట్ అని జర్మన్లు ఇష్టంగా తినే పులియబెట్టిన క్యాబేజీ ఉంది. దానికి ‘లిబర్టీ క్యాబేజీ’ అని కొత్తగా నామకరణం చేశారు. ఇది నవ్వుకునే సంగతే. కాని 1918లో విస్కాన్సిన్ రాష్ట్రంలోని బరాబూ ఊళ్ళో హైస్కూలు జర్మన్ పుస్తకాలు తగలబెట్టారు. అది నవ్వుకునే సంగతి కాదు. ఆ ఏడాదే అయోవా గవర్నరు హార్డింగ్, బళ్ళలో సరే, రైళ్ళలోనూ టెలిఫోనులోనూ కూడా ఇంగ్లీషు తప్ప మరో భాష వినపడరాదని ప్రకటించాడు. ముసలమ్మ తన కూతురితో ఫోనులో ఏ భాషలో మాట్లాడాలో గవర్నరుగారు చెప్పాల్సి వచ్చిందన్నమాట!

బడిలో ఒక పీట ఖాళీ అయితే ఎంతోసేపు ఖాళీగా ఉండదు. ఆ పీట మీద వచ్చి కూర్చున్నది స్పానిష్. పనామా కాలువ 1914లో తెరిచారు. దక్షిణ అమెరికాతో వ్యాపారం పెరుగుతుందనీ, స్పానిష్ వస్తే నాలుగు డబ్బులు కళ్ళజూడవచ్చనీ ఆశ. 1917లో స్పానిష్ ఉపాధ్యాయులు సంఘం పెట్టుకున్నారు. దాని మొదటి అధ్యక్షుడు లారెన్స్ విల్కిన్స్, జర్మన్ బదులు స్పానిష్ చెప్పాలని గట్టిగా వాదించినవాడు. జర్మన్ చెప్పుకు బతికే పంతుళ్ళు కొందరు తామే స్పానిష్ నేర్చుకుని ఆ పాఠాలు మొదలుపెట్టారు. పాపం, కడుపు ఊరుకుంటుందా? 1922 వచ్చేసరికి స్పానిష్ చదివేవారు నూటికి 11 మంది. జర్మన్ చదివేవారు నూటికి ఒక్కరు కూడా లేరు.

పోనీ, స్పానిష్ మీద అంత ప్రేమ పుట్టుకొచ్చిందా అంటే అదీ లేదు. టెక్సాస్‌లో 1918లో బడి చదువంతా ఇంగ్లీషులోనే సాగాలని చట్టం చేశారు. స్పానిష్ ఇంటిభాషగా ఉన్న పిల్లలు బడి ఆవరణలో తమలో తాము ఆ భాష మాట్లాడుకుంటే శిక్షలు వేసేవారు. హైస్కూల్లో పరభాషగా నేర్చుకోవడానికి మాత్రం అభ్యంతరం లేదు. అమ్మ నేర్పితే నేరం, పంతులు నేర్పితే మార్కులు! 1960ల చివరిదాకా ఈ తంతు నడిచింది.

ఈ గొడవలో నాకు నచ్చిన మనిషి ఒకాయన ఉన్నాడు. పేరు రాబర్ట్ మేయర్. నెబ్రాస్కాలో లూథరన్ చర్చి బడిపంతులు. ఎనిమిదో తరగతి గట్టెక్కని పిల్లలకి పరభాష చెప్పకూడదని 1919లో అక్కడ చట్టం చేశారు. 1920 మే నెలలో ఆయన పదేళ్ళ కుర్రవాడికి జర్మన్‌లో బైబిలు కథ చెబుతూ పట్టుబడ్డాడు. జరిమానా 25 డాలర్లు. పారేసి చేతులు దులుపుకోవచ్చు. ఆయన ససేమిరా అన్నాడు. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. పంతులుకి పాఠం చెప్పే హక్కూ, తల్లిదండ్రులకి చెప్పించుకునే హక్కూ ఉన్నాయని 1923 జూన్ 4న కోర్టు తీర్పు చెప్పింది. జడ్జీల్లో ఏడుగురు అటు, ఇద్దరు ఇటు.

మేయర్ గెలిచాడు. జర్మన్ గెలిచిందా? హక్కయితే కోర్టు ఇప్పించగలిగింది గాని, పిల్లల్ని ఎక్కణ్ణించి తెస్తుంది? చెప్పే పంతుళ్ళు వేరే దారి చూసుకున్నారు. ఇంట్లో జర్మన్ మాట్లాడే తల్లిదండ్రులు, మనకెందుకొచ్చిన గొడవ, పిల్లలకి వద్దులే అనుకున్నారు. చట్టం పోయినా, దాని వెనకాల ఉన్న భయం పోలేదు.

తరవాత 1957లో రష్యా వాళ్ళు స్పుత్నిక్ ఎగరేశారు. మళ్ళీ భయం! మరుసటి ఏడే కొత్త చట్టం వచ్చింది. లెక్కలు, సైన్సుతోపాటు పరభాషల చదువుకూ డబ్బు కేటాయించారు. బళ్ళలో టేపు రికార్డర్లు దిగాయి, పిల్లల చెవులకి హెడ్‌ఫోన్లు వచ్చాయి. ఈసారి శత్రువు భాష రష్యన్ కూడా నేర్పమన్నారు. ఒక శత్రువు భాషని తగలబెట్టాలి, ఇంకో శత్రువు భాషని వల్లించాలి. ఈ రెండో తెలివి నలభై ఏళ్ళ ముందే వచ్చి ఉంటే ఎంత బాగుండేదో అనిపిస్తుంది నాకు.

అమెరికా మొదటి యుద్ధంలో ఉన్నది 19 నెలలు. వందేళ్ళు దాటిపోయింది. స్పానిష్ ఆ దేశపు హైస్కూళ్ళలో మొదటి పీట మీద హాయిగా ఉంది, ఉండనివ్వండి. జర్మన్ చదివిన ఆ నూటికి 24 మంది పిల్లలు మాత్రం మళ్ళీ క్లాసుకి రాలేదు.