ఊరి బడికి కన్నవారి పూచీ



హైదరాబాదు నుంచి నాగార్జునసాగర్ రోడ్డు పట్టుకుని ముప్ఫై కిలోమీటర్లు పోతే ఇబ్రహీంపట్నం వస్తుంది. మనలో చాలామంది సాగర్ చూడబోతూ ఆ ఊరి మీదుగా వెళ్ళినవాళ్ళమే. గోలకొండను 1550 నుంచి 1580 దాకా ఏలిన ఇబ్రహీం కుతుబ్ షా పేరు మీద వెలసిన ఊరది. అక్కడి పెద్ద చెరువు కూడా ఆ కాలం నాటిదే. ఇవాళ నేను చెప్పదలచుకున్నది చెరువు గురించి కాదు, బడి గురించి. కాని చెరువు సంగతి ఒక్కటి చెప్పి మొదలుపెడతాను.

పూర్వం చెరువు కింద మడి ఉన్న ప్రతివాడికీ చెరువు మీద కన్నుండేది. కట్టకు గండి పడితే ఊరంతా తట్టా పారా పట్టుకుని పరుగెత్తేది. తరవాత బోరుబావులొచ్చాయి. డబ్బున్న రైతు తన పొలంలో తను బోరు వేయించుకున్నాడు. వేయించుకోవడం తప్పని ఎవరంటారు? కాని ఆనాటి నుంచి చెరువు మీద అతనికి ధ్యాస తప్పింది. కాలవలో పూడిక తీయించమని అడగగల నోరున్నవాడే అడగడం మానేశాక, బోరు వేయించుకోలేని బీదవాడి మాట వినేదెవరు? మన సర్కారు బడుల కథ కూడా అచ్చం ఇలాంటిదే. కాస్త వెనక్కి వెళ్ళి చూద్దాం.

మా ఇంట్లో పనిచేసే ఆమెది ఇబ్రహీంపట్నం దగ్గర పల్లెటూరు. వానలు లేక కుటుంబమంతా పట్నం వచ్చేశారు. తొమ్మిదేళ్ళ కూతుర్ని వెంటబెట్టుకుని పనికొచ్చేది. "బడిలో ఎందుకు వెయ్యలేదే?" అని ఒకరోజు కాస్త గట్టిగానే అడిగాను. "మూడుమాట్లు పోయిన అమ్మా. పుట్టిన తేదీ కాగితం తెమ్మంటున్నరు. నన్ను జూస్తే లోపలికే రానిస్తలేరు" అంది. ఏ బడి అన్నది ఇక్కడ అనవసరం. మర్నాడు నేను వెంట వెళ్ళాను. కుర్చీ వేశారు, పేరు రాసుకున్నారు, పావుగంటలో పని అయిపోయింది. ఆ కాగితం ఊసే రాలేదు. సంతోషంగా ఇంటికొచ్చానే గాని రాత్రి నిద్రపట్టలేదు. పిల్ల అదే, బడి అదే. మారిందల్లా అడిగిన మనిషి, ఆ మనిషి కట్టుకున్న చీర. తల్లి మూడుసార్లు తిరిగినా కాని పని నేను ఒక్కసారి వెళితే అయిందంటే, తప్పు తల్లిదంటామా?

"ఈ బీదవాళ్ళకు పిల్లల్ని చదివించాలని ఉండదండీ" అని మనం తేలికగా అనేస్తాం. నేనూ అన్నదాన్నే. చరిత్ర మాత్రం ఆ మాటను ఒప్పుకోదు.

నిజాం కాలంలో ఈ ప్రాంతంలో పై చదువులు చాలావరకు ఉర్దూలోనే. 1918లో వెలసిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో కూడా బోధన ఉర్దూలోనే. తెలుగు చెప్పే బడులు జనం సొంతంగా పెట్టుకున్నవి. వాటిని ఖాన్గీ బడులనేవారు. ఇంటింటి నుంచీ ఇంత ధాన్యమో, నాలుగు డబ్బులో పోగుచేసి అయ్యవారికి ఇచ్చేవారు. 1920ల్లో ఖాన్గీ బడికి కూడా ముందుగా సర్కారు అనుమతి ఉండాలని నిబంధన పెట్టడంతో చాలా బడులు మూతపడ్డాయి. 1930లో సురవరం ప్రతాపరెడ్డిగారి అధ్యక్షతన జోగిపేటలో జరిగిన మొదటి ఆంధ్ర మహాసభలో మాతృభాషలో చదువు చెప్పాలన్నది ముఖ్యమైన కోరిక. ఆ సభతో పాటే నడింపల్లి సుందరమ్మగారి అధ్యక్షతన మహిళాసభ జరిగింది. ఆ రోజుల్లో ఆడవాళ్ళు గడప దాటి సభకు రావడమే ఒక విశేషం.

అంతకు రెండేళ్ళ ముందే, 1928లో, మాడపాటి హనుమంతరావుగారు హైదరాబాదులో ఆడపిల్లలకు తెలుగులో చదువు చెప్పే బడి పెట్టారు. నారాయణగూడలో ఇప్పుడు ఆయన పేరుతోనే ఉంది. తెలుగులో చదివిన పిల్లలకు ఇక్కడ పరీక్ష పెట్టే దిక్కు లేకపోతే, పూనాలో కార్వేగారు పెట్టిన మహిళా విశ్వవిద్యాలయంతో సంబంధం పెట్టుకుని ఆ పరీక్షలు రాయించారు. ఆ బడి ఎవరి ధైర్యం మీద నిలిచిందంటారు? గుర్తింపు లేని చదువైనా ఫరవాలేదని కూతుళ్ళను పంపిన అమ్మానాన్నల ధైర్యం మీద. సర్కారు బడి ఇవ్వనప్పుడు కన్నవారే బడిని కాపాడుకున్నారన్నమాట.

1948లో హైదరాబాదు సంస్థానం భారతదేశంలో కలిసింది. అప్పటికి సంస్థానంలో చదువొచ్చినవాళ్ళు నూటికి పదిమంది కూడా లేరు. తరవాత పల్లెపల్లెకూ సర్కారు బడులు వచ్చాయి. ఇది చాలా గొప్ప సంగతి, కాదనకూడదు. అయితే దానితో పాటే ఒక మార్పు చప్పుడు లేకుండా జరిగిపోయింది. అయ్యవారు ఊరి మనిషి కాకుండా సర్కారు ఉద్యోగి అయ్యాడు. ఆయన పట్నం నుంచి బస్సులో వచ్చి బస్సులో పోతాడు. బడి రాకపోకలు పై అధికారికి తెలియాలి గాని ఊరికి తెలియనక్కర్లేదు. ఒకే పంతులుతో అయిదు తరగతులు నడిచే బడులెన్నో. 1987లో కేంద్రప్రభుత్వం ఆపరేషన్ బ్లాక్‌బోర్డు పథకం పెట్టి, ప్రతి ప్రాథమిక పాఠశాలకూ కనీసం రెండు గదులు, ఇద్దరు ఉపాధ్యాయులు, వీలైతే వారిలో ఒకరు స్త్రీ ఉండాలని చెప్పవలసి వచ్చిందంటే, అంతకు ముందు పరిస్థితి మీరే ఊహించుకోండి.

హైదరాబాదు జిల్లాను విడదీసి 1978 ఆగస్టు 15న రంగారెడ్డి జిల్లా ఏర్పరచారు. రాజధానిని ఆనుకునే ఉంది గాని, జిల్లా పల్లెల్లో పిల్లలు ఆసాముల ఇళ్ళ దగ్గర జీతం ఉండేవారు. జీతం అనగానే మన ఇళ్ళల్లో ఒకటో తేదీన వచ్చేదనుకునేరు! తండ్రి చేసిన అప్పు కింద కొడుకు బర్రెలు కాయడం, పేడ ఎత్తడం. వెట్టిచాకిరిని రద్దుచేస్తూ 1976లోనే చట్టం వచ్చింది. కాని చట్టం పుస్తకంలో ఉంది, పిల్లవాడు గొడ్లచావడిలో ఉన్నాడు. 1984లో గీతా రామస్వామిగారు ఇబ్రహీంపట్నం తాలూకాకు వెళ్ళి వ్యవసాయ కూలీలతో కలిసి పనిచేశారు. వెట్టి నుంచి విడుదల, కూలి రేట్లు, భూమి, వీటికోసం అక్కడి కూలీలు సంఘం పెట్టుకున్నారు. దీనికీ బడికీ ఏమిటి సంబంధం అంటారేమో! అప్పు తీరి, కూలి పెరిగితేనే గదా పిల్లవాడి చేతిలో ముల్లుకర్ర పోయి పలక వచ్చేది.

ఇదే జిల్లాలో 1991 నుంచి జరిగిన మరో పనిని మనం ముఖ్యంగా చెప్పుకోవాలి. చరిత్రకారులు మామిడిపూడి వెంకటరంగయ్యగారి స్మారకంగా 1981లో ఒక సంస్థ ఏర్పడింది. ఎం.వి. ఫౌండేషన్ అంటే అందరికీ తెలుస్తుంది. ఆయన మనుమరాలు, హైదరాబాదు విశ్వవిద్యాలయంలో ఆచార్యులుగా పనిచేసిన శాంతా సిన్హాగారు. పనిలో ఉన్న పిల్లల్ని మాన్పించి, శిబిరాల్లో కొన్నాళ్ళు చదువు చెప్పి, వాళ్ళ వయసుకు తగిన తరగతిలో చేర్పించే పని ఆ సంస్థ పెట్టుకుంది. పగలంతా పనిచేసిన పిల్లలకు రాత్రిబడి పెడితే చాలునని పెద్దలనేకమంది అంటుండేవారు. వీరు ఒప్పుకోలేదు. మన పిల్లలకు పగటిబడి, వాళ్ళ పిల్లలకు రాత్రిబడి ఏమిటన్నారు. బడిలో లేని ప్రతి పిల్లవాణ్ణీ బాలకార్మికుడిగానే లెక్కించాలన్నారు.

వాళ్ళకు ఊళ్ళల్లో తెలిసివచ్చిన సంగతేమిటో తెలుసా? తల్లిదండ్రులకు చదువంటే ఇష్టం లేక కాదు. బీదరికం ఒక్కటే అడ్డమూ కాదు. బడికి వెళితే దరఖాస్తు ఎలా రాయాలో తెలియదు. కాగితాలడుగుతారు. పది రోజులు రాకపోతే పేరు కొట్టేస్తారు. తనకు అక్షరం రాదు కాబట్టి తల్లి బడి గుమ్మం తొక్కడానికే భయపడుతుంది. ఆ భయం పోగొట్టి, ఊరంతా కూర్చుని మాట్లాడుకున్నాక, వాళ్ళే పిల్లల్ని పని మాన్పించారు. శాంతా సిన్హాగారికి 2003లో మెగసెసే బహుమతి వచ్చింది. అందులో కూలి డబ్బు వదులుకున్న ఆ తల్లులకు కూడా వాటా ఉందంటాను నేను.

ఇక చట్టాల సంగతి. 1998లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం, తల్లిదండ్రులు ఎన్నుకునే పాఠశాల కమిటీలకు చట్టం చేసింది. 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన విద్యాహక్కు చట్టం పాఠశాల యాజమాన్య కమిటీ ఉండాలంది. అందులో నాలుగింట మూడు వంతులమంది తల్లిదండ్రులో, సంరక్షకులో కావాలి. సగంమంది స్త్రీలుండాలి. బడి అభివృద్ధికి ప్రణాళిక రాయడం ఆ కమిటీ పని. పుట్టినతేదీ కాగితం లేదని ఏ పిల్లనూ తిప్పి పంపకూడదని కూడా ఆ చట్టంలోనే ఉంది. మా పనిమనిషికి ఆ సంగతి తెలియదు. నిజం చెప్పొద్దూ, ఆవేళ నాకూ తెలియదు! 2024లో తెలంగాణ ప్రభుత్వం అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు ఏర్పరచి, గ్రామైక్య సంఘం అధ్యక్షురాళ్ళకు పెద్దరికం ఇచ్చింది. తాగునీరు, మరుగుదొడ్లు, చిన్న చిన్న మరమ్మతులు వాళ్ళు చూడాలి. సంతకం పెట్టమన్నచోట పెట్టి రావడంతో సరిపెడితే మాత్రం కమిటీ ఉన్నా లేనట్టే. లెక్క చూపించమని అడిగితేనే అది కమిటీ.

చట్టం ఇంత చెప్పినా బడిలో పిల్లలెందుకు తగ్గిపోతున్నారు? ఇక్కడే మళ్ళీ బోరుబావి కథ వస్తుంది. ఇవాళ ఇబ్రహీంపట్నం చుట్టుపక్కల ఎన్నో ఇంజనీరింగు కాలేజీలున్నాయి. ప్రైవేటు బడుల పసుపుపచ్చ బస్సులు పల్లెల్లోకి వస్తున్నాయి. నాలుగు రూపాయలు చేతిలో ఆడే ఇంటివాళ్ళు పిల్లల్ని ఆ బస్సెక్కిస్తున్నారు. మనం మాత్రం చేసిందేమిటి? చట్టం లెక్క ప్రకారం అరవైమంది లోపు పిల్లలున్న ప్రాథమిక పాఠశాలకు ఇద్దరు ఉపాధ్యాయులే. తరగతులు మాత్రం అయిదు. అంటే పిల్లలు తగ్గితే పంతుళ్ళు తగ్గుతారు. పంతుళ్ళు తగ్గారని మరికొందరు పిల్లల్ని మాన్పిస్తారు. చివరికి మిగిలేది ఎక్కడికీ పోలేనివాళ్ళ పిల్లలు. వాళ్ళ తల్లులకు అడిగే నోరు లేదు.

పంతుళ్ళందరినీ నిందించడం నా ఉద్దేశం కాదు. రెండు గదుల్లో అయిదు తరగతులు నడిపే పంతులమ్మ కష్టం, ఇద్దరు పిల్లల చేత హోంవర్కు చేయించలేక గొంతు చించుకునే మనకు తెలియదా? ఆమెకూ ఊరి అండ కావాలి.

మన పిల్లల్ని రేపటి నుంచి సర్కారు బడికి పంపండి అని నేను చెప్పబోవడం లేదు. చెప్పే అర్హత నాకు లేదు, నా పిల్లలూ ఫీజులు కట్టే చదివారు. కాని మన వీధి చివర సర్కారు బడి ఉంది. అందులో ఆడపిల్లలకు మరుగుదొడ్డి ఉందా, కుళాయిలో నీళ్ళొస్తున్నాయా అని మనలో ఎంతమందిమి చూశాం? మన ఇంట్లో పనిచేసే ఆమె బిడ్డ ఏ తరగతో, బడిలో ఆ నెల తల్లిదండ్రుల సమావేశం ఎప్పుడో అడిగి, ఆ పూట సెలవిచ్చి పంపామా? మొదటిసారి తోడు వెళ్ళండి. రెండోసారి గుమ్మం దాకా వెళ్ళండి. మూడోసారి ఆమెనే వెళ్ళనివ్వండి.

మా పనిమనిషి ఈమధ్య ఒకరోజు ఆలస్యంగా వచ్చింది. ఏమిటని అడిగితే, "బడి కాడ మీటింగుండె అమ్మా. అన్నంల పురుగులొస్తున్నయని నేనే అడిగిన" అంది. ఆ పూట గిన్నెలు నేనే తోముకున్నాను. దానికి నాకేమీ కష్టమనిపించలేదు.